గుఱ్ఱము యొక్క భయము



హైదరాబాదు నగరమందలి లక్డీకాపూల్ అను పేరునకు కొయ్య వంతెన అని అర్థము. ఒకప్పుడు నగర వీధులలో జట్కా బండ్లు తిరుగుచుండెడివి. 2018లో లక్డీకాపూల్‌కు మెట్రో రైలు సహితము వచ్చినది. అయినను పెండ్లి దినములలో గుఱ్ఱము ఇంకను నగర వీధులలో కనబడుచునే యున్నది. పెండ్లికుమారుని మోయుచు, బ్యాండు మేళమునకును టపాకాయలకును నడుమ నిలుచుచున్నది. ఈ అలవాటు మన పల్లెలలో కొన్నింటికిని ప్రాకినది. కాబట్టి ఈ నెల పాఠములో ఆ జంతువును గూర్చి కొంత తెలిసికొందము.

మనము ఎద్దును ఎరిగినవారము. ఆ ఎరుకతోనే గుఱ్ఱమును చూచినయెడల దానికి కీడు చేయుదుము. ఎద్దునకు కొమ్ములు కలవు, అది ఎదిరించి నిలువగలదు. గుఱ్ఱమునకు పరుగే కోట. బయలు గడ్డి భూములలో తోడేళ్ళకు వెఱచి బ్రదికిన జాతి అది. నేటి పెంపుడు గుఱ్ఱముల పూర్వులను నల్లసముద్రమునకు ఉత్తరమున సుమారు 4,200 ఏండ్ల క్రిందట మనుష్యులు మచ్చిక చేసిరి. మచ్చికయైనను ఆ వెఱపు పోలేదు. పదకొండు నెలలు గర్భమందుండి పుట్టిన పిల్ల గంట రెండు గంటలలోనే లేచి నిలుచును. ఆలస్యమైన తోడేలు పాలగునని దాని శరీరమే ఎరుగును. గుఱ్ఱము బెదరినప్పుడు మనవారు పొగరు అందురు. పొగరు కంటె భయమే హెచ్చని మా తలంపు.

దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నున్నవి గనుక దాదాపు చుట్టును చూడగలదు. అయితే నుదుటికి ఎదురుగా కొంత మేరయు, తోక వెనుకయు దానికి కనబడవు. చప్పుడు చేయక వెనుకనుండి వచ్చువాడు తన్ను తినుట అందుకే. భుజము ప్రక్కనుండి, మెల్లగా మాటలాడుచు దగ్గరకు పోవలెను. చెవులను కనిపెట్టుడి. ముందుకు నిక్కించిన ఆలకించుచున్నది. మెడకు అంటునట్లు వెనుకకు వంచిన కోపముగా నున్నది, ఎడముగా నుండుడి.

యోబు గ్రంథము 39వ అధ్యాయములోని గుఱ్ఱము యుద్ధ ధ్వనికి బెదరదు గదా అని మీరు అడుగవచ్చును. అది యుద్ధమునకు అలవాటు పడిన గుఱ్ఱము. నగర పోలీసువారి గుఱ్ఱపు దళములో నేడును గుఱ్ఱములను జనసమూహమునకు కొంచెము కొంచెముగా అలవరచుదురు. అద్దె గుఱ్ఱము కాళ్ళయొద్ద టపాకాయలు కాల్చి, అది ఎగిరినందుకు కొరడాతో కొట్టుట ఏమి న్యాయము? మూగజీవులను కొట్టి హింసించుట 1960 నాటి చట్టము ప్రకారము నేరము కూడ.

యాకోబు పత్రిక 3వ అధ్యాయములో కళ్ళెము మాట వచ్చును. గుఱ్ఱమునకు ముందు పండ్లకును దవడ పండ్లకును నడుమ పండ్లు లేని చోటు కలదు. కళ్ళెపు ఇనుము ఆ చిగురుమీదను నాలుకమీదను ఆనును. అది మెత్తని చోటు గనుకనే చిన్న ఇనుము అంత పెద్ద శరీరమును త్రిప్పగలుగుచున్నది. ఆ చోటనే గట్టిగా గుంజిన నోరు పుండగును.

ఇక మేత సంగతి. ఇందులో జాగ్రత్త తప్పిన ప్రాణమే పోవును. ఎద్దు కడుపునకు నాలుగు అరలు, అది నెమరు వేయును. గుఱ్ఱమునకు ఒకటే చిన్న జఠరము. 8 మొదలు 15 లీటర్లు పట్టును. నెమరు లేదు, వాంతి చేసికొనలేదు. తిన్నది లోపల పులిసినను బయటికి వచ్చు దారి లేదు. గుఱ్ఱము గుడ్డిదైనను దాణా తప్పదని సామెత. ఆ దాణా కొలతతో పెట్టవలెను. ఉలవలు గాని, పెండ్లి అన్నము గాని, మిఠాయిలు గాని ప్రేమతో ఒక్కసారే గుప్పించిన శూల పట్టును, డెక్కలు కూడ వాచవచ్చును. దానికి తగినది గడ్డి, కొంచెము కొంచెముగా పలుమారులు. ప్రక్కకు తిరిగి తిరిగి డొక్క చూచుకొనుట, ముందు కాలితో నేల గీరుట, చెమట పట్టుట, పడి దొర్లుట శూల గుర్తులు. అప్పుడు నాటు మందు గొంతులో పోయవద్దు. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. వెంటనే పశువైద్యుని పిలువవలెను.

నీళ్ళు దినమునకు 25 మొదలు 40 లీటర్లు త్రాగును, ఎండకాలములో ఇంకను ఎక్కువ. మీ ఊరికి పెండ్లి గుఱ్ఱము వచ్చినప్పుడు, ఊరేగింపు కదలకముందే దానికి నీళ్ళు పెట్టినదీ లేనిదీ గుఱ్ఱమువానిని అడుగుడి.