ఆటపెట్టెకు అక్రిలిక్ పలకలు – ఎంపిక, అమరిక

నాణెం వేసి నిలబడి ఆడే వీడియో ఆటల పెట్టెను ఆర్కేడ్ క్యాబినెట్ అంటారు. 1972లో అటారీ కంపెనీ తెచ్చిన ‘పాంగ్’, 1978లో జపానులోని టైటో కంపెనీ విడుదల చేసిన ‘స్పేస్ ఇన్వేడర్స్’, 1980లో వచ్చిన నామ్‌కో వారి ‘పాక్‌మ్యాన్’ ఈ పెట్టెలకు ప్రపంచమంతటా పేరు తెచ్చాయి. నేడు అరచేతిలో పట్టే కంప్యూటరు బోర్డు, ఒక పాత మానిటరు, కొంత ప్లైవుడ్డు ఉంటే ఇలాంటి పెట్టెను మనమే చేసుకోవచ్చును. మా హాస్టలు మిత్రులం కొందరం చేతిఖర్చుల డబ్బు పోగుచేసి అలాగే ఒకటి చేసుకున్నాము.

కర్రపని గురించి ఏ వడ్రంగి ఆచారిని అడిగినా చెబుతారు. వైరింగు సంగతి ఎలక్ట్రానిక్సు చదివే మిత్రులకు తెలుసు. కాని పెట్టెకు అందాన్నిచ్చే అక్రిలిక్ పలకల గురించి వివరంగా చెప్పేవారు తక్కువ. మాలో చాలామందివి శెనక్కాయ పండించే ఇండ్లు. వాన తప్పిన ఏడు ఇంటినుంచి డబ్బు రావడమే గగనం. అటువంటప్పుడు పలక ఒకటి పగిలిందంటే ఆ దెబ్బ మెస్ బిల్లు మీద పడుతుంది. కాబట్టి చెయ్యి పెట్టకముందే ఆ పదార్థం స్వభావం తెలుసుకోవడం మంచిది. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

పదార్థ పరిచయం

అక్రిలిక్ అని అంగడిలో అమ్మేది రసాయన శాస్త్రంలో పాలీ మిథైల్ మెథాక్రిలేట్. జర్మనీలో ఓటో రోమ్ 1933లో దీనిని ‘ప్లెక్సిగ్లాస్’ పేరుతో నమోదు చేశాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో విమానాల కిటికీలకు దీనిని వాడారు. పైలట్ల కండ్లలో దీని ముక్కలు గుచ్చుకున్నా కన్ను వాటిని తట్టుకోవడం గమనించిన లండను వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ, 1949లో ఇదే పదార్థంతో చేసిన లెన్సును శుక్లాల రోగి కంట్లో అమర్చాడు. కంటికి పనికివచ్చినది మన ఆటపెట్టెకు పనికిరాదా!

గాజా, అక్రిలిక్కా, పాలీకార్బనేటా?

అక్రిలిక్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.19 గ్రాములు, గాజుది దాదాపు 2.5. అంటే 60 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం గల అక్రిలిక్ పలక కిలో లోపే తూగుతుంది. అదే కొలత గాజు రెండు కిలోలుంటుంది. పైగా గాజు పగిలితే ఆడేవాడి చేతులు తెగుతాయి. పాలీకార్బనేటు అన్నిటికంటే గట్టిది, సుత్తి దెబ్బకు కూడా సులభంగా పగలదు. కాని ధర ఎక్కువ, గీతలు తొందరగా పడతాయి. కనుక తెర ముందుకూ, పేరుపలకకూ అక్రిలిక్కే తగినది.

వెలుగు సంగతి కూడా లెక్క వేసి చూడవచ్చును. అక్రిలిక్ వక్రీభవన గుణకం 1.49. ఒక తలం మీద పరావర్తనమయ్యే కాంతి (1.49 – 1) ను (1.49 + 1) తో భాగించి వర్గం చేస్తే వస్తుంది. అది సుమారు 4 శాతం. పలకకు రెండు తలాలు గనుక 8 శాతం పోయి 92 శాతం కాంతి ఇవతలికి వస్తుంది. మనం ఫిజిక్సు పరీక్షకు బట్టీపట్టే సూత్రం ఇక్కడ కంటికి కనబడుతుంది.

అక్రిలిక్‌లో మళ్ళీ రెండు రకాలు. అచ్చులో పోసి గట్టిపరచినది కాస్ట్ షీటు, యంత్రంతో నెట్టి తీసినది ఎక్స్‌ట్రూడెడ్ షీటు. రెండవది చౌక. అయితే డ్రిల్లు వేడికి త్వరగా మెత్తబడి బిట్టుకు అంటుకుంటుంది. బటన్ల కోసం రంధ్రాలు వేసే పలకకు మొదటిదే కొనాలి. పేరుపలకకు రెండవది చాలు. ఒక్కోసారి పాలీస్టైరీన్ షీటును కూడా అక్రిలిక్ పేరుతో అంటగడతారు. అనుమానముంటే గోరంత తునకను పట్టకారుతో పట్టుకొని ఆరుబయట వెలిగించి చూడండి. అక్రిలిక్ పెద్దగా మసి లేకుండా, పండ్ల వాసనతో మండుతుంది. పాలీస్టైరీన్ అయితే నల్లటి మసి పైకి లేస్తుంది.

ఎండకు సాగే పలక

అక్రిలిక్ ఒక డిగ్రీ వేడికి ప్రతి మీటరుకు సుమారు 0.07 మి.మీ. సాగుతుంది. మన జిల్లాలో చలికాలపు తెల్లవారు 15 డిగ్రీలు, ఎండాకాలంలో రేకుల గదిలో 45 డిగ్రీలు అనుకుందాం. తేడా 30 డిగ్రీలు. 60 సెం.మీ. పలక 1.26 మి.మీ. పొడవు మారుతుంది. దాని వెనుక ఉన్న ప్లైవుడ్డు వేడికి అంత సాగదు. స్క్రూలు గట్టిగా బిగించి ఉంటే పలక ఎటు పోవాలి? మధ్యలో ఉబ్బుతుంది, లేదా రంధ్రం దగ్గర చీలుతుంది.

మా ఊళ్ళో కమ్మరి బండిచక్రానికి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి ఎక్కిస్తాడు. చల్లారాక అది ముడుచుకొని చక్రాన్ని బిగించి పట్టుకుంటుంది. అక్కడ ఆ బిగువే కావాలి, ఇక్కడ మాత్రం అదే శత్రువు. అందుకని 4 మి.మీ. స్క్రూకు 6 మి.మీ. రంధ్రం వేసి, కింద రబ్బరు వాషరు పెట్టి, చేతితో బిగిసేంతవరకే తిప్పాలి. ఈ మాట మా నాయనకు చెబితే, “అయితే పలకకు గూడా కాళ్ళు చాపుకునేకి జాగా ఇడ్సాలన్నమాట” అన్నాడు. ఇంతకంటే క్లుప్తంగా నేను చెప్పలేను.

కోత, రంధ్రాలు

పలక మీది కాగితాన్ని పని పూర్తయ్యేవరకు తీయరాదు. నేరుగా కోయాలంటే ఉక్కు స్కేలు పెట్టి, ప్లాస్టిక్ కట్టరుతో మందంలో మూడోవంతు లోతు వచ్చేదాకా పలుమార్లు గీయాలి. తరువాత ఆ గీతను బల్ల అంచు మీద ఉంచి ఒక్క ఊపున వంచితే తెగుతుంది. వంపులకు సన్నపళ్ళ రంపం వాడాలి.

మామూలు డ్రిల్లు బిట్టు అవతలికి దిగే క్షణంలో పలకను పట్టి లాగి పగలగొడుతుంది. కాబట్టి బిట్టు అంచు పదును కొంచెం చంపి, పలక కింద చెక్క పెట్టి క్లాంపుతో బిగించి, నెమ్మదిగా, నడుమ సబ్బునీరు చిలకరిస్తూ తొలచాలి. రంధ్రం అంచుకు మరీ దగ్గరగా ఉండకూడదు. రంధ్రం వ్యాసానికి కనీసం రెండింతలు వదలాలి. 30 మి.మీ. బటన్లకు హోల్ సా వాడేటప్పుడు పలకను రెండు చెక్కల మధ్య ఇరికించడం శ్రేయస్కరం.

వెలుగు పలక – తోలుబొమ్మ

పెట్టె నుదుటన వెలిగే పేరుపలకను మార్క్యూ అంటారు. దీని సూత్రం మనకు కొత్తది కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారులు మేకతోలును వెలుగు దాటేంత పలుచగా చేసి, రెండువైపులా రంగులు వేసి, వెనుక దీపముంచి రామాయణం ఆడించారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలు స్థానంలో పాలరంగు అక్రిలిక్ ఉంచి, దానిముందు ముద్రించిన ఫిలిము, ఆపైన పారదర్శక పలక పెడితే మార్క్యూ తయారు. మేము ఆ ఫిలిము మీద హనుమంతుని తోలుబొమ్మ రూపమే గీయించాము.

వెనుక దీపం విషయంలో జాగ్రత్త అవసరం. అక్రిలిక్ సుమారు 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, నిప్పు తగిలితే మండుతుంది కూడా. పాత ఫిలమెంటు బల్బు పనికిరాదు. ఎల్.ఇ.డి. పట్టీలను పలకకు కొంచెం దూరంగా అమర్చి, పెట్టె వెనుక గాలి రంధ్రాలు ఉంచాలి.

దుమ్ముతో కాపురం

ఈ పలకను పొడిగుడ్డతో రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి దుమ్మును మరింత లాగుతుంది. మన దుమ్ములో ఉండే క్వార్ట్జ్ రేణువులు అక్రిలిక్ కంటే ఎంతో గట్టివి. అవే గీతలు పెడతాయి. ముందు నీళ్ళతో దుమ్ము జారిపోనిచ్చి, తరువాత పలుచని సబ్బునీటిలో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. స్పిరిట్, పెట్రోలు, థిన్నరు, అమ్మోనియా కలిసిన గాజు శుభ్రపరిచే ద్రవాలు తాకనివ్వరాదు. వాటివల్ల సన్నని పగుళ్ళు ఏర్పడి పలక మసకబారుతుంది.

మిత్రులారా! ఆటపెట్టె మీద ఇంత శాస్త్రం అవసరమా అని కొందరు అడగవచ్చు. వ్యాకోచ గుణకం, వక్రీభవన గుణకం మార్కుల కోసమే ఉన్నాయనుకుంటే అవసరం లేదు. కాని కమ్మరి కొలిమిలోనూ, తోలుబొమ్మల తెర వెనుకా చదువుకోని పెద్దలు ఈ సూత్రాలతోనే బ్రతుకు నడిపారు. చదువుకున్న మనం కనీసం ఒక పలకను పగలకుండా బిగించగలిగితే, మన చదువుకు ఖర్చుపెట్టిన ఇంటివారికి చూపించడానికి ఒక వస్తువైనా ఉంటుంది.