విడిది ఇల్లు, గని ఊరు

పిల్లలూ, ఈసారి మన పాఠం ఇంటి చుట్టూ ఉన్న మాటల గురించి. మగపెళ్లివారు వచ్చి రెండు రోజులు దిగే ఇల్లు విడిది. పని మీద పొరుగూరు వెళ్లినవారు రాత్రికి ఉండే చోటు బస. దూరప్రయాణంలో ఆగుతూ పోయే ఒక్కో చోటు మజిలీ. కాశీకి నడిచి వెళ్తూ మజిలీకో కథ చెప్పుకున్నట్టు రాసినవే కాశీమజిలీ కథలు. అధికారి సామానుతో దిగితే అది మకాం. మజిలీ, మకాం రెండూ అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా మన దగ్గరికి వచ్చి, ఇక్కడే ఉండిపోయాయి. పొయ్యి వెలిగించి, పప్పు డబ్బాలు సర్దుకుని బతకడం మొదలుపెడితే మాత్రం దాన్ని కాపురం అంటాం.

బదిలీ ఉత్తర్వు మార్చేది మకాం. కొత్త చోట మనం పెట్టేది కాపురం. ఈ తేడా నిఘంటువు చూస్తే సగమే తెలుస్తుంది. మిగతా సగం కోసం మిమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తాను.

న్యూజిలాండ్ ఉత్తర ద్వీపంలో, తూర్పు తీరాన కోరమండల్ అనే ద్వీపకల్పం ఉంది. పేరు ఎక్కడో విన్నట్టుందా? అది మన తూర్పు తీరం పేరే. ఆ పేరు పెట్టిన ఒక ఆంగ్లేయుల ఓడ 1820లో అక్కడికి వెళ్లింది. ఓడ పేరు నేలకు అంటుకుంది. మనుషులకే కాదు, పేర్లకూ బదిలీలు ఉంటాయి.

ఆ ద్వీపకల్పం అడుగున వైహీ అనే చిన్న ఊరుంది. మావోరి భాషలో వై అంటే నీళ్లు. 1878లో అక్కడి ఒక గుట్టలో బంగారం ఉన్న రాయి దొరికింది. మావోరీలు ఆ గుట్టను పుకేవా అనేవారు. గని తవ్వినవారు దానికి మార్తా అని పేరు పెట్టారు. 1952లో గని మూసే నాటికి ఆ రాతి నుంచి సుమారు 170 టన్నుల బంగారం తీశారు. తవ్వకం దాదాపు 600 మీటర్ల లోతుకు పోయింది. సొరంగాలన్నీ కలిపితే 150 కిలోమీటర్లు దాటుతాయి. 1980ల చివర మళ్లీ పని మొదలుపెట్టినప్పుడు ఈసారి పైనుంచే తవ్వారు. ఇప్పుడు అక్కడ గుట్ట లేదు. ఊరి బజారుకు ఆనుకుని పెద్ద గొయ్యి ఉంది. దాని అంచు వెంట జనం సాయంత్రం నడకకు వెళ్తారు.

ఆ ఊరికి సుమారు 11 కిలోమీటర్ల దూరంలో సముద్రం. అక్కడి వైహీ బీచ్‌లో ఇసుక తొమ్మిది కిలోమీటర్ల వరకు సాగుతుంది. ఒడ్డున వరసగా సెలవు ఇళ్లు. అక్కడివారు అలాంటి ఇంటిని బ్యాచ్ అంటారు. బ్యాచిలర్ అనే మాటను తుంచితే వచ్చిందని చాలామంది చెబుతారు. అదే దేశపు దక్షిణ కొసకు వెళ్తే దాన్నే క్రిబ్ అంటారు. మన జిల్లాల మధ్య కూరగాయల పేర్లు మారినట్టే అనుకోండి.

పాతకాలపు బ్యాచ్ అంటే పెద్ద భవంతి కాదు. మిగిలిపోయిన చెక్క, రేకులు, ఎవరో వద్దన్న కిటికీలు కలిపి సెలవు రోజుల్లో సొంత చేతులతో కట్టుకున్న గూడు. కొందరు పాత ట్రాము పెట్టెను తెచ్చి ఒడ్డున నిలబెట్టి అందులోనే పడుకునేవారు. యజమానులు వాడుకోని వారాల్లో ఇతరులకు అద్దెకు ఇస్తారు. అక్కడ డిసెంబరు, జనవరి ఎండాకాలం కాబట్టి అప్పుడే గిరాకీ. బయట ఒక కుళాయి ఉంటుంది, కాళ్ల ఇసుక కడుక్కుని లోపలికి రావాలి. ఒకదానిమీద ఒకటి మంచాలు. ఒక ముక్క తగ్గిన పేకలు. చాలాచోట్ల దుప్పట్లు మనమే తెచ్చుకోవాలి, వెళ్లేముందు మనమే ఊడ్చాలి. బల్లమీద ఒక అతిథుల పుస్తకం. ఏ కిటికీ గట్టిగా తోయాలో, చేప ఎక్కడ దొరుకుతుందో ముందు వచ్చినవారు తర్వాత వచ్చేవారికి రాసిపెడతారు. యజమాని పెట్టే నిబంధనల కాగితం కంటే నాకు ఆ పుస్తకమే ఎక్కువ నచ్చుతుంది.

మన భాషలో చెప్పాలంటే బ్యాచ్ విడిది, గని ఊళ్లోనివి కాపురాలు. ఏది నిలుస్తుంది? కాపురమే అని మనం టకీమని చెప్పేస్తాం. వైహీలో జరిగింది చూడండి. 2001 డిసెంబరులో పాత సొరంగాల పైన నేల కుంగి పెద్ద గొయ్యి పడింది. ఒక ఇల్లు అందులోకి జారింది. ఇంట్లోవారు ప్రాణాలతో బయటపడ్డారు. చుట్టుపక్కల కుటుంబాలు వేరేచోటికి వెళ్లాల్సి వచ్చింది. గనిలో ఊరే నీటిని తోడటానికి 1904లో కట్టిన పంపుహౌసు గోయి అంచున ఉండేది. మూడంతస్తుల కాంక్రీటు కట్టడం, 1,800 టన్నుల పైమాట. కింద నేల నమ్మకంగా లేదని 2006లో దాన్ని కూలగొట్టకుండా మొత్తంగా 300 మీటర్ల దాకా జరిపారు! ఆ దేశంలో చెక్క ఇళ్లను లారీ మీద పెట్టి ఊరు మార్చడం మామూలే. మనం సామాను లారీ ఎక్కిస్తాం, వాళ్లు ఇంటినే ఎక్కిస్తారు.

గని ఊళ్లో ఇళ్లు ఇలా కదులుతుంటే, సెలవులకని రేకులతో కట్టుకున్న గూళ్లలో కొన్ని తాతల నుంచి మనవల దాకా వచ్చాయి. అలాగని ఒడ్డు శాశ్వతమని కాదు. అలలు ఒడ్డును కోస్తుంటే అక్కడా రాళ్లగోడ కట్టుకోవాల్సి వచ్చింది.

మనకు దగ్గరలోనూ అలాంటి గని ఊరు ఉంది. కర్ణాటకలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. కన్నడం, తమిళం, తెలుగు మూడూ ఒకే వీధిలో వినిపించే చోటు. గనుల లోతు మూడు కిలోమీటర్లు దాటింది. ఆ గనుల కోసమే 1902లో కావేరి మీద శివసముద్రం నుంచి కరెంటు తెచ్చారు. వైహీ గని కంపెనీ కూడా 1913లో వైకాటో నది మీద విద్యుత్కేంద్రం కట్టుకుంది. వైహీలో ఇల్లు కుంగిన ఆ 2001లోనే, ఫిబ్రవరి 28న, కోలార్ గనులు మూతపడ్డాయి. పని పోయినా చాలా కుటుంబాలు కంపెనీ కట్టిన ఆ చిన్న ఇళ్లలోనే ఉండిపోయాయి. కంపెనీ లెక్కలో అవి ఉద్యోగం ఉన్నంతకాలం ఇచ్చిన బసలు. ఉంటున్నవారికి తాతలనాటి కాపురాలు. ఒకే గోడలకు రెండు మాటలు! ఏ మాట వాడామన్న దాన్ని బట్టి ఆ ఇంట్లో ఎవరు ఉండాలన్నది తేలుతుంది.

నేను పదేళ్లలో అయిదు క్వార్టర్లు మారాను. ఒకదాంట్లో వంటింటి తలుపు పక్కన పెన్సిలు గీతలు ఉండేవి. ఎవరో పిల్లవాడి ఎత్తు, తేదీలతో సహా. సున్నం వేయడానికి వచ్చినతన్ని ఆ ఒక్క జానెడు గోడ వదిలేయమన్నాను. ‘మీ బాబుదా అమ్మా?’ అన్నాడు. కాదన్నాను. అయినా వదిలేశాడు.

ఇక మీ పని. మీ క్వార్టరులోకి మీ తర్వాత రాబోయే కుటుంబానికి ఒక పేజీ రాయండి. ఏ కుళాయి బిగించినా కారుతుందో, ఏ గదిలో మధ్యాహ్నం ఎండ పడదో, పాలు ఎన్నింటికి వస్తాయో, ఏ చెట్టు కాయ తియ్యనో రాయండి. విడిది, బస, మజిలీ, మకాం, కాపురం అనే అయిదు మాటల్లో కనీసం మూడు రావాలి. కింద మీ పేరు, ఆ ఇంట్లో ఉన్న సంవత్సరాలు వేయండి. కాగితం మడిచి గూట్లో పెట్టేముందు ఇంట్లో పెద్దవాళ్లకు ఒకసారి చదివి వినిపించండి. పాలవాడి బాకీ సంగతి వాళ్లు కొట్టేయమంటే కొట్టేయండి.