అదను

చౌడేపల్లె చుట్టునుగల పల్లెలలో పొలములు చాలవరకు ఎఱ్ఱనేలలు. ఎటు చూచినను గుట్టలు; వాని దిగువన చెరువులు. ఏడాది పొడుగున పాఱెడు పెద్దనది ఈ ప్రాంతమున లేదు. చెరువు నిండవలెనన్నను, చేను పచ్చబడవలెనన్నను వానయే దిక్కు. అందుచేత ఇచ్చటి రైతునకు గడియారముకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. అదియే అదను. వాన కురిసి, నేల పదునై, విత్తుటకు అనుకూలముగ ఉండు కొద్దిపాటి కాలమునకు అదనని పేరు. ఎఱ్ఱనేల తడిని ఎక్కువ దినములు నిలుపుకొనలేదు. గట్టిగ ఎండ కాసినచో పైపొర త్వరలోనే ఆఱిపోవును. పదునుండగనే విత్తినవాని చేను మొలచును. జారవిడిచినవాడు మఱల ఆకాశమువంక చూడవలసినదే.

వర్షాధారమున పండెడు వేరుసెనగను చూచినచో ఈ సంగతి స్పష్టమగును. విత్తనమునకై దాచిన కాయలను ముందుగా ఒలిచి గింజలు తీయవలెను. ఇది చూచుటకు చిన్నపని. చేయుటకు విసుగు పుట్టించు పని. గింజపై నుండు పలుచని పొర చినుగరాదు. పప్పు రెండు బద్దలుగ విడిపోరాదు. అట్లయిన గింజ మొలకెత్తదు. నేడు కాయలు ఒలిచెడు యంత్రములు వచ్చినవి. అయినను, విత్తనపు కాయలను చేతితో ఒలుచుకొను ఇండ్లలో ఇంటిల్లిపాదియు దినములతరబడి కూర్చుండవలసియుండును.

ఇరుగుపొరుగు చేలుగల ఇరువురు రైతులు ఉన్నారనుకొనుడు. ఇరువురి నేలయు ఒక్కటే. ఇరువురి యింటను విత్తనపు కాయల బస్తాలున్నవి. మొదటివాడు తొలకరికి కొన్నాళ్లు ముందుగ, ప్రతిదినము రాత్రి భోజనమైన పిమ్మట ఇంటివారితో కూర్చుండి చేటెడు కాయలు ఒలుచుచుండెను. రెండవవాడు సోమరి కాడు. ఆ దినములలోనే అతడు పశువుల కొట్టమునకు కప్పు వేసెను, పలుపుత్రాళ్లు పేనెను, పుంగనూరు సంతకు పోయి వచ్చెను. కాయల బస్తాలు కంటబడినప్పుడు మాత్రము “ఇంకను వాన జాడయే లేదు, రేపు చూతము” అనుకొనెను.

ఒకనాటి రాత్రి మంచివాన కురిసెను. నేల పదునైనంతనే మొదటివాడు విత్తనములతో చేనికి పోయెను. రెండవవాడు బస్తాల మూతి విప్పి కూర్చుండెను. కూలికి మనుష్యులను పిలువబోగా, వారందఱును అప్పటికే ఇతరుల చేలలో పనికి కుదిరిపోయిరి. గింజలు సిద్ధమగు సరికి పైనేల ఆఱిపోయెను. మిగిలిన కొద్దిపాటి తడిలోనే అతడు విత్తనము వేసెను. కొన్ని మొలచినవి, కొన్ని మొలవలేదు. ఆ యేడు చేనిలోని ఖాళీలు బాటను పోవువారికిని కనబడినవి.

ఈ రైతునకు కలిగిన లోపమేమి? అతడు పనిచేయలేదనుటకు వీలులేదు. చేయవలసిన పనిని తప్పించుకొనుటకు వేఱు పనులు చేసెను. పనిని వాయిదావేయు వారిలో పెక్కురు ఇట్టివారే. పని పెద్దదిగ, కష్టముగ, విసుగుగ తోచినప్పుడు మనస్సు వెనుకకు లాగును. “రేపు” అన్న మాట అనినంతనే హాయి కలుగును. ఆ హాయియే మోసము. అది అప్పు తెచ్చుకొన్న సొమ్మువంటిది; మఱునాడు వడ్డీతో చెల్లింపవలసియుండును. ఏలయనగా, పని అంతయును అట్లే యుండును. కాలము మాత్రము తగ్గియుండును. పనియెడల జంకును ముందటికంటె పెరిగియుండును.

మఱుసటి సంవత్సరము తొలకరి సమీపించుచుండగా రెండవ రైతు తన యింటి అరుగుపై చింతతో కూర్చుండెను. పొరుగువాడు వచ్చి ప్రక్కన కూర్చుండి, “ఏమన్నా, దిగులుగ ఉన్నావు?” అని అడిగెను.

“ఈ బస్తాలను చూచినంతనే నాకు చేతులాడవు తమ్ముడా! ఎప్పటికి ముగియును ఈ పని?” అని అతడు నిట్టూర్చెను.

పొరుగువాడు నవ్వి, “బస్తావంక చూచుటచేతనే నీకు ఈ బాధ. బస్తావంక చూడకుము అన్నా, చేటవంక చూడుము. ఈ రాత్రికి ఒక్క చేట. అంతకు మించి నీకు పనిలేదు” అనెను.

ఆ రాత్రి అతడు ఒక చేట ఒలిచెను. మఱునాడు మఱియొక చేట. ఒకనాడు చుట్టములు వచ్చుటచే పని సాగలేదు. అందుకై అతడు కుములుచు కూర్చుండక, ఆ మఱుసటి రాత్రి యథాప్రకారము చేట ముందిడుకొనెను. వాన వచ్చిననాటికి గింజలు సిద్ధముగ ఉండెను.

అయితే ఇందు గ్రహింపవలసిన భేద మొకటి కలదు. వేచియుండుట వేఱు, వాయిదావేయుట వేఱు. కాయలను మిక్కిలి ముందుగ ఒలిచి నిలువయుంచినచో గింజకు మొలకెత్తు శక్తి తగ్గును. పదును లేని నేలలో తొందరపడి విత్తినను నష్టమే. కాలమునకై వేచియుండువాడు పనికి సిద్ధపడుచు వేచియుండును. వాయిదావేయువాడు ఏ సిద్ధమును లేక కాలమును గడపును. బయటికి ఇరువురును ఒక్కతీరుగనే కనబడుదురు. వాన కురిసిననాడు భేదము తెలియును.

అదను పొలమునకు మాత్రమే చెందినది కాదు. చౌడేపల్లెనుండి పుంగనూరు మీదుగ పోయినచో మదనపల్లె వచ్చును. 1919వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున రవీంద్రనాథ ఠాకూరు ఆ పట్టణమునందలి బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగ వచ్చెను. కళాశాలాధ్యక్షుడగు జేమ్స్ కజిన్స్ ఆయనను ఆహ్వానించియుండెను. అచ్చట రవీంద్రుడు తాను రచించిన ‘జనగణమన’ గీతమును పాడెను. జేమ్స్ కజిన్స్ భార్యయగు మార్గరెట్ కజిన్స్ సంగీతవిద్వాంసురాలు. కవి మదనపల్లెలో ఉండగనే ఆమె సాయముతో ఆ పాట స్వరములు కాగితముపై నిలిచినవి. ఆ గీతమును రవీంద్రుడు ఆంగ్లమునకు అనువదించినదియు అచ్చటనే. అతిథి వెడలిన పిమ్మట తీరికగా చూచుకొనవచ్చునని యుండినచో, ఆ అవకాశము మఱల వచ్చెడిదో రాదో ఎవరు చెప్పగలరు? 1950వ సంవత్సరము జనవరి 24వ తేదీన ఆ గీతము భారత జాతీయగీతముగ స్వీకరింపబడెను.

మదనపల్లె చెంతనే ఆరోగ్యవరమను చోట క్షయరోగులకై వెలసిన ప్రసిద్ధమైన వైద్యశాల కలదు. అది 1912లో ఆరంభింపబడినది. ఆ కాలమున క్షయకు తగిన మందు లేదు. విశ్రాంతి, పుష్టికరమగు ఆహారము, స్వచ్ఛమగు గాలి ఇవియే చికిత్స. రోగము ముదురకముందే వచ్చినవారికి బ్రతుకుపై ఆశ ఎక్కువగ ఉండెడిది. నేడు మందులున్నవి, సాధారణముగ ఆఱు మాసములు క్రమము తప్పక సేవించినచో ఈ రోగము నయమగును. కాని “రేపు” అన్న మాట ఇచ్చటను ప్రమాదకరమే. దగ్గు రెండు వారములు దాటినను పరీక్షకు పోనివాడు తనకేగాక తన యింటివారికిని కీడు తెచ్చును. మందును నడుమ మానివేసినచో క్రిములు మందునకు లొంగని స్థితి ఏర్పడవచ్చును. పొలమున అదను తప్పినచో ఒక యేటి పంట పోవును. వ్యాధి విషయమున అదను తప్పినచో పోవునది ప్రాణమే.

విద్యార్థికిని బస్తాలు కలవు. ముగియని లెక్కలు, చదువని పాఠములు, వ్రాయని జాబులు, అడుగదలచి అడుగని క్షమాపణలు ఇవన్నియు బస్తాలే. వానిని ఒక్కనాడు మోయవలెనని పూనుకొనువాడు భయపడి విడిచిపెట్టును. “నేడు చదివెదను” అనుటకంటె “దీపము పెట్టినంతనే మొదటి రెండు లెక్కలు చేసెదను” అనుట మేలు. పని యెంతయో, ఎప్పుడో తేటగ నిర్ణయించుకొన్నవానికి తప్పించుకొను దారి తక్కువ. పుస్తకము, కలము ముందుగనే చేతికందునట్లు ఉంచుకొన్నచో ఆరంభము సులభమగును. ఆరంభించిన పిమ్మట తొలుత తోచిన జంకు చాలవరకు తగ్గిపోవును. ఒకనాడు తప్పినచో తన్ను తాను నిందించుకొనుచు రెండవనాటిని కూడ పోగొట్టుకొనరాదు.

చౌడేపల్లె గుట్టలపై మబ్బు ఎన్నడు క్రమ్మునో ఎవరును ఎఱుగరు. అది మనుష్యుని చేతిలో లేదు. ఈ రాత్రి ఒక చేట ఒలుచుట మాత్రము అతని చేతిలోనే యున్నది.