గవర్నరు ప్రసంగము

ప్రతి సంవత్సరమును శాసనసభ తొలి సమావేశము ప్రారంభమగు దినమున గవర్నరు సభామందిరమునకు విచ్చేయును. విధానపరిషత్తు గల రాష్ట్రములలో ఆ పరిషత్తు సభ్యులును శాసనసభ్యులతో కూడి ఒక్కచోట ఆసీనులగుదురు. గవర్నరు లేచి లిఖితప్రసంగమును చదువును. నా ప్రభుత్వము ఇన్ని చెఱువులు బాగుచేయించినది, నా ప్రభుత్వము ఇన్ని పాఠశాలలు తెరువ సంకల్పించినది అను మాటలు అందు వినవచ్చును. వినువారికి ఆ కార్యములన్నియు గవర్నరే చేయించెనని తోచును. నిజమునకు ఆ ప్రసంగము ఆయన రచన కాదు. వ్రాయించువారు మంత్రులు; ఆమోదించునది మంత్రివర్గము; చదువువాడు మాత్రము గవర్నరు. నోరొకరిది, మాట వేరొకరిది. ఈ వింత యేర్పాటు ఎట్లు పుట్టెను?

దీని మూలము ఇంగ్లండులో నున్నది. అచ్చట పార్లమెంటు ప్రారంభోత్సవమున రాజు గాని రాణి గాని ప్రభువుల సభలో సింహాసనముపై కూర్చుండి ప్రసంగింతురు. సామాన్యుల సభలో అడుగిడరు. 1642లో మొదటి ఛార్లెసు రాజు ఐదుగురు సభ్యులను బంధించుటకై సాయుధులను వెంటబెట్టుకొని ఆ సభలోనికి చొచ్చుకొనిపోయెను. వారు అంతకుముందే తప్పించుకొనిరి. వారెక్కడ అని రాజు గద్దించి అడుగగా, సభాపతి లెంథాలు మోకాలూని, సభ ఆజ్ఞ లేనిదే తనకు చూచుటకు కన్నులు గాని పలుకుటకు నాలుక గాని లేవని విన్నవించెను. ఎంతటి ధైర్యము! నేటికిని ప్రసంగమునకు సభ్యులను పిలువవచ్చిన రాజోద్యోగి ముఖముమీదనే తలుపు మూయుదురు. అతడు చేతి దండముతో మూడుమారులు తట్టిన పిమ్మటనే తెరతురు. కాలక్రమమున అధికారము మంత్రులకు సంక్రమించెను. ప్రసంగము రాజు నోటనే నిలిచినను, అందలి మాటలు మంత్రులవయ్యెను.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము ఈ సంప్రదాయమును గైకొని, రాష్ట్రములకు 176వ అధికరణమున నిబంధించెను. మొదట ప్రతి సమావేశారంభమునను గవర్నరు ప్రసంగింపవలెనని యుండెను. అది శ్రమతో కూడిన పనియని అనుభవమున తేలుటచే, 1951లో జరిగిన మొదటి సవరణ దానిని సార్వత్రిక ఎన్నికల తరువాతి తొలి సమావేశమునకును, ప్రతి సంవత్సరపు తొలి సమావేశమునకును పరిమితము చేసెను. ప్రసంగానంతరము ధన్యవాద తీర్మానముపై చర్చ జరుగును. పేరునకు ధన్యవాదమే గాని, ప్రతిపక్షము మంత్రులను నిలదీయునది అప్పుడే. తీర్మానము వీగిపోయినచో మంత్రివర్గము సభావిశ్వాసమును కోల్పోయినట్లే.

ప్రసంగము చదువుట వీలుపడనిచో నేమగును? 1965 ఫిబ్రవరి 8న పశ్చిమ బెంగాలులో ఈ చిక్కు వచ్చెను. సరోజినీనాయుడు కుమార్తెయు, హైదరాబాదున జన్మించినదియు నగు పద్మజానాయుడు అప్పటి గవర్నరు. సభలో చెలరేగిన కోలాహలమున ఆమె చదువజాలక, ప్రతిని సభ ముందుంచి నిష్క్రమించెను. ఇది చెల్లునా యని కొందఱు కలకత్తా హైకోర్టు నాశ్రయించిరి. అది క్రమలోపమే గాని, సభాకార్యములను రద్దుచేయునంతటి దోషము కాదని న్యాయస్థానము తీర్పు చెప్పెను.

అంతకంటె కఠినమైన ప్రశ్న అదే రాష్ట్రమున 1969లో పుట్టెను. గవర్నరు ధర్మవీర 1967 నవంబరులో అజయ్ ముఖర్జీ మంత్రివర్గమును తొలగించియుండెను. మధ్యంతర ఎన్నికలలో ఆ పక్షమే గెలిచి, మరల అధికారమునకు వచ్చి, ఆ తొలగింపును ఖండించు వాక్యములను ప్రసంగమున చేర్చెను. తన చర్యను తన నోటనే నిందింపవలసిన గతి ఆయనకు పట్టెను. మార్చి 6న ధర్మవీర ఆ భాగములను విడిచి తక్కినది చదివెను. ప్రసంగము ప్రభుత్వ విధానమును చెప్పుటకే గాని గవర్నరును దూషించుటకు కాదని ఆయన పక్షమువారు వాదించిరి. మంత్రివర్గమిచ్చినది చదువుటయే ఆయన విధియని ఎదుటివారనిరి. మొదటి వాదమున న్యాయము లేకపోలేదు. కాని గవర్నరు తనకు నచ్చిన వాక్యములనే ఏరుకొనుటకు మొదలిడినచో, ఆ యేరివేత ఎచ్చట ఆగును?

ఆగలేదు. 2023 జనవరి 9న తమిళనాడు గవర్నరు కొన్ని మాటలను విడిచి చదువగా, ముద్రితప్రతియే సభారికార్డులలో నుండవలెనని ముఖ్యమంత్రి తీర్మానము ప్రతిపాదించెను. గవర్నరు సభనుండి వెడలిపోయెను. 2024 జనవరి 25న కేరళ గవర్నరు కడపటి పేరాను మాత్రము చదివి, రెండు నిమిషములైనను గడువకమునుపే ముగించెను.

తెలంగాణమున జరిగినది మఱొక తీరు. అచ్చట ప్రసంగమే లేకపోయెను. వెనుకటి సమావేశమును లాంఛనముగా ముగింపక, వాయిదా మాత్రమే వేసినందున, 2022 మార్చి 7న మొదలైన బడ్జెటు సభ క్రొత్త సమావేశము కాదనియు, గవర్నరు ప్రసంగము అవసరము లేదనియు ప్రభుత్వము పలికెను. మరుసటి యేడు బడ్జెటుకు గవర్నరు అనుమతి విషయమున వివాదము హైకోర్టు వఱకు పోయెను. అచ్చట ఉభయపక్షముల న్యాయవాదులు ఒడంబడికకు వచ్చిరి. 2023 ఫిబ్రవరి 3న గవర్నరు తమిళిసై సౌందరరాజన్ ఉభయసభల ఎదుట నిలిచి, మంత్రివర్గము పంపిన ప్రసంగమును చదివెను.