ఒత్తిడి సాధారణంగా ఉన్నా నీటికాసుల ముప్పు ఉంటుందా?

ప్రశ్న: మా నాన్నగారికి నీటికాసుల వల్ల ఒక కంటిచూపు పోయింది. 46 ఏళ్ల అన్నయ్యకు పరీక్షలో కంటి ఒత్తిడి 16 అని వచ్చింది. ఇక భయం లేనట్టేనా?

జవాబు: కంటిలో నిరంతరం ఊరే పలుచని ద్రవం బయటికి పోయే మార్గం మందగించినప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు చేర్చే దృష్టినాడి క్రమంగా దెబ్బతినడాన్నే నీటికాసులు లేదా గ్లకోమా అంటారు. అయితే సాధారణమని భావించే 10-21 మిల్లీమీటర్ల పాదరస ఒత్తిడిలోనూ కొందరికి ఈ నాడి క్షీణిస్తుంది. పైగా కార్నియా, అనగా కంటి ముందరి పారదర్శక పొర, పలుచగా ఉన్నవారిలో ఒత్తిడి ఉన్నదానికన్నా తక్కువగా నమోదవుతుంది. కనుక ఒక్క అంకెను చూసి నిశ్చింతగా ఉండడం సరికాదు, తండ్రికి వ్యాధి ఉన్నప్పుడు అసలే సరికాదు.

మీ అన్నయ్యకు ద్రవం పోయే కోణాన్ని చూసే గోనియోస్కోపీ, పక్కచూపును కొలిచే పెరిమెట్రీ, కార్నియా మందం కొలత, కంటిపాపను పెద్దది చేసి దృష్టినాడిని పరిశీలించడం తప్పక జరగాలి. ఒత్తిడి సాధారణంగా ఉన్న రోగులలోనూ దాన్ని దాదాపు 30 శాతం తగ్గిస్తే చూపు క్షీణత నెమ్మదిస్తుందని 1998లో వెలువడిన పరిశోధన చూపింది. చుక్కల మందులకు బదులు లేజరుతోనే చికిత్స మొదలుపెట్టవచ్చని 2019లో బ్రిటన్ అధ్యయనం తేల్చింది. పోయిన చూపును మాత్రం ఏ చికిత్సా తిరిగి తేలేదు. కంటి ఒత్తిడిని పెంచగలవు కనుక వైద్యుని సలహా లేకుండా స్టెరాయిడ్ చుక్కలు వాడరాదు.

కన్ను ఎర్రబడి తీవ్రమైన నొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లండి.