అటక మీది పాత కంప్యూటర్‌ను బతికించుకునే చిట్కాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలో పాత కంప్యూటర్లు ఇంకా చాలానే ఉన్నాయి. కొన్ని దుబాయ్, సౌదీ నుంచి వచ్చినవాళ్ల సామానుతో దిగినవి. కొన్ని మూతబడ్డ డీటీపీ సెంటర్లవి, నెట్ సెంటర్లవి, ఫొటో స్టూడియోలవి. పండుగకు ఇల్లు దులిపినప్పుడల్లా వాటిలో కొన్ని కాటాకు పోతున్నాయి. వాటిని మళ్లీ నడిపించాలన్న సరదా ఉన్నవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. చేయి తిరిగిన మెకానిక్కులకూ కొదవ లేదు. కష్టమల్లా విడిభాగాలు దొరకడమే. అందుకే ఉన్నదాన్ని పాడుచేయకుండా కాపాడుకోవడం దగ్గర మొదలుపెడదాం.

1. ప్లగ్గు పెట్టే ముందు మూత విప్పండి. ఏళ్ల తరబడి మూలన పడ్డ పెట్టెకు "నడుస్తదేమో చూద్దాం" అని నేరుగా కరెంటు ఇస్తే బాగున్న భాగం కూడా కాలిపోవచ్చు. పక్క రేకు తీసి లోపల చూడండి. ఎలుక మూత్రపు మరకలు, బొద్దింక గుడ్లు, స్లాట్‌లోంచి సగం లేచిన కార్డులు, ఊడిన వైర్లు కనిపిస్తాయి. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) షెడ్డు పక్క ఇల్లయితే ప్రాసెసర్ ఫ్యాన్ కింద నూలు నూగు దట్టంగా పేరుకుని ఉంటుంది. బీడీలు చుట్టిన ఇల్లయితే తంబాకు పొడి. మెత్తటి పెయింట్ బ్రష్‌తో దులపండి, తడిబట్ట పెట్టకండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. లేకపోతే ఆ గాలికి అడ్డగోలుగా తిరిగి బేరింగ్ పోతుంది.

2. వెనకవైపు చిన్న ఎర్ర స్విచ్చు చూడండి. పాత ఎస్‌ఎంపీఎస్‌ల (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బాల) వెనక 115, 230 అని రాసిన జారుడు స్విచ్చు ఉంటుంది. సౌదీ ఇళ్లలో చాలాకాలం 127 వోల్టుల కరెంటు నడిచింది కాబట్టి అక్కడ వాడిన పెట్టె 115 దగ్గర ఉండే అవకాశం ఎక్కువ. అలాగే మన 230 వోల్టుల సాకెట్‌లో పెడితే పెద్ద కెపాసిటర్లు పేలతాయి, ఫ్యూజు పోతుంది. దుబాయ్ నుంచి వచ్చినవాటికి ఈ బెడద తక్కువ, అక్కడి వోల్టేజీ మనదానికి దగ్గరే. స్విచ్చు లేకుండా 110 అని మాత్రమే రాసి ఉన్న ప్రింటరో, టేప్‌రికార్డరో అయితే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. సాంచాల మోటార్లకు వైండింగ్ చేసే దుకాణంలో ఎన్ని వాట్లకో చెబితే కట్టిస్తారు.

3. బోర్డు మీది బ్యాటరీ మొదటి శత్రువు. 386, 486 కాలపు మదర్‌బోర్డుల మీద నీలిరంగులో, గొట్టం ఆకారంలో 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ సోల్డర్ చేసి ఉంటుంది. అది కారితే వచ్చేది క్షారం. రాగి గీతలను తినేస్తూ కీబోర్డు సాకెట్ దాకా పాకుతుంది. పచ్చటి, తెల్లటి బూజులాంటిది కనిపిస్తే ఇక ఆలస్యం చేయకుండా బ్యాటరీ కత్తిరించి తీసేయండి. మరక మీద ఇయర్‌బడ్‌తో కొంచెం వెనిగర్ రాస్తే క్షారం విరుగుతుంది. తర్వాత ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, సెల్‌ఫోన్ రిపేర్ దుకాణంలో ఐపీఏ అంటే ఇస్తారు. థిన్నర్ మాత్రం వాడకండి, ప్లాస్టిక్ కరుగుతుంది. ఒక రోజంతా ఆరనివ్వండి.

కొత్త బ్యాటరీగా చాలామంది సీఆర్2032 బిళ్ల పెడతారు. మంచిదే, కానీ పాత బ్యాటరీ చార్జింగ్ అయ్యే రకం, బిళ్ల చార్జింగ్ కాకూడని రకం. మధ్యలో ఒక డయోడ్ పెట్టకపోతే బిళ్ల ఉబ్బి పగలొచ్చు. పెంటియం, ఆ తర్వాతి బోర్డుల్లో చాలావాటికి బిళ్ల పెట్టే హోల్డర్ ముందే ఉంటుంది. వాటికి ఏ తంటా లేదు.

4. ఉబ్బిన కెపాసిటర్లను పైనుంచి చూసే గుర్తుపట్టొచ్చు. సుమారు 1999 నుంచి 2007 దాకా వచ్చిన బోర్డుల్లో నాసిరకం ఎలక్ట్రోలైట్ నింపిన కెపాసిటర్లు ప్రపంచమంతా పాడయ్యాయి. తల చదునుగా ఉండాల్సింది పొంగి ఉంటుంది, గోధుమరంగు మడ్డి కారి ఉంటుంది. కొత్తది కొనేటప్పుడు మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టేజీ అంతే లేదా కొంచెం ఎక్కువ ఉండాలి, 105 డిగ్రీల లో-ఈఎస్‌ఆర్ రకం కావాలి. కాలిపోయిన ఎల్‌ఈడీ బల్బుల్లోంచి పీకినవి ఇక్కడ పనికిరావు. గీత ఉన్న వైపు నెగెటివ్. తీసే ముందే ఫొటో తీసి పెట్టుకోండి. డబ్బా టీవీలు బాగుచేసిన మెకానిక్ మీ ఊళ్లో ఉంటే ఈ పనికి ఆయన చేయే కావాలి. మదర్‌బోర్డులో నాలుగు పొరల రాగి ఉంటుంది, సోల్డర్ అంత తేలిగ్గా కరగదు. అలవాటు లేని చేయి రంధ్రాన్నే పెరికేస్తుంది.

5. సీరీస్ బల్బుతో మొదటి కరెంటు ఇవ్వండి. ఫ్యాన్ మెకానిక్కులు వాడేదే: 100 వాట్ల ఫిలమెంట్ బల్బు, దానికి సీరీస్‌లో ఒక సాకెట్. బల్బు ఒకసారి మెరిసి మందగిస్తే షార్ట్ లేనట్టు. గట్టిగా వెలుగుతూనే ఉంటే ప్లగ్గు పీకేయండి. ఈ బల్బు షార్ట్ కనిపెట్టడానికే, దాన్ని తీసేశాకే వోల్టేజీలు కొలవాలి. ఎర్ర వైరులో 5, పసుపు వైరులో 12 వోల్టులు రావాలి, అయిదు శాతం అటూఇటూ ఉన్నా ఫర్వాలేదు. కొలిచేటప్పుడు మదర్‌బోర్డు తగిలించకండి. పాడైన హార్డ్‌డిస్క్ ఒకటి లోడ్‌గా పెట్టండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పాల్సి వస్తే అందులో 300 వోల్టులకు పైగా నిలిచి ఉంటుందని గుర్తుంచుకోండి.

6. పెట్టె కంటే ముందు అందులో ఉన్నదాన్ని కాపాడండి. మన జిల్లాల పాత కంప్యూటర్ల విలువ నా దృష్టిలో ఇక్కడుంది. తండ్రి గల్ఫ్‌లో, పిల్లలు ఇక్కడ పెరిగిన ఇళ్లలో ఆ ఏళ్ల ఫొటోలు, మాటలు ఆ హార్డ్‌డిస్క్‌లోనే ఉన్నాయి. అప్పట్లో వాళ్లు మాట్లాడుకున్న యాహూ మెసెంజర్ 2018 జూలైలో మూతపడింది. అయినా సంభాషణలు దాచుకునే ఆప్షన్ పెట్టుకున్నవాళ్ల మెసెంజర్ ఫోల్డర్‌లో అవి ఇంకా ఉండొచ్చు.

అందుకే విండోస్ ఎక్కించే ముందు హార్డ్‌డిస్క్‌ను బయటికి తీయండి. ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్‌తో ఇప్పటి ల్యాప్‌టాప్‌కు తగిలించండి. జంపర్‌ను మాస్టర్ దగ్గర పెట్టాలి. తెరమీద "ఫార్మాట్ చేయమంటారా" అని అడిగితే కచ్చితంగా వద్దనండి. ఫైళ్లు ఒక్కొక్కటిగా లాగకుండా లైనక్స్‌లో ఉచితంగా దొరికే డీడీరెస్క్యూతో డిస్క్ మొత్తానికి ఇమేజ్ తీయండి. ఆ తర్వాత ఎన్నిసార్లయినా ఆ నకలులోంచే వెతుక్కోవచ్చు. టక్ టక్ మని కొట్టుకుంటుంటే వెంటనే ఆపేసి డేటా రికవరీ చేసేవారికి ఇవ్వండి. డిస్క్ మూత ఇంట్లో విప్పొద్దు, లోపలి పళ్లేనికి దుమ్ము తగిలితే అంతే సంగతులు.

7. తెలుగు ఫైళ్లతో పాటు ఫాంట్లనూ తీసుకోండి. డీటీపీ సెంటర్ల కంప్యూటర్లలో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఊరి సంఘాల పుస్తకాలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో, శ్రీలిపిలో ఉంటాయి. ఇవి యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని మెషీన్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. చాలామంది ఫైలే పాడైందనుకుని చెరిపేస్తారు. విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ను మొత్తంగా నకలు తీసుకుంటే ఆ తిప్పలు తప్పుతాయి. ప్రింటర్ పోర్టుకు చిన్న ప్లగ్గులాంటిది తగిలించి ఉంటే అది డాంగిల్ కావచ్చు, పారేయకండి. అది లేకుండా కొన్ని సాఫ్ట్‌వేర్లు తెరుచుకోవు. పాత మెషీన్ నడిచిన రోజే ముఖ్యమైన పేజీలను పీడీఎఫ్‌లుగా మార్చేసుకోండి.

8. బూజు పట్టిన ఫ్లాపీని డ్రైవ్‌లో పెట్టకండి. వానాకాలపు చెమ్మకు డిస్క్ మీద మచ్చలు పడతాయి. అవి డ్రైవ్ హెడ్‌కు అంటుకుని తర్వాత పెట్టే ఫ్లాపీలన్నిటినీ గీరేస్తాయి. రేకు తలుపు పక్కకు జరిపి, డిస్క్‌ను తిప్పుతూ చూసి, మచ్చలుంటే ఐపీఏతో తుడవండి. ఖాళీ ఫ్లాపీలకోసం తిరగడం దండగ. ఫ్లాపీ డ్రైవ్ స్థానంలో పెన్‌డ్రైవ్ పెట్టుకునే గోటెక్ పరికరం వస్తోంది.

9. డబ్బా మానిటర్ వెనక మూత విప్పకండి. పిక్చర్ ట్యూబ్‌కు 20 వేల వోల్టులకు పైగా వెళ్తుంది, ప్లగ్గు తీశాక కూడా కొంత నిలిచే ఉంటుంది. టీవీ మెకానిక్‌కే ఇవ్వండి.

10. పసుపెక్కిన ప్లాస్టిక్‌ను తెల్లగా చేయొచ్చు. మంటలు అంటుకోకుండా ప్లాస్టిక్‌లో కలిపిన బ్రోమిన్ పదార్థాలు ఏళ్లు గడిచేకొద్దీ రంగు మారతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్, అతినీలలోహిత కాంతి కలిస్తే ఆ పసుపు పోతుందని 2008 ప్రాంతంలో ఈ సరదా ఉన్నవాళ్లే కనిపెట్టారు. బ్యూటీ పార్లర్ సామాను అమ్మే చోట 12 శాతం క్రీమ్ డెవలపర్ దొరుకుతుంది. చేతికి గ్లవ్స్ వేసుకుని, ఎలక్ట్రానిక్ భాగాలన్నీ తీసేసిన ఉత్త ప్లాస్టిక్‌కు పూసి, పారదర్శకమైన కవర్ చుట్టి ఎండలో పెట్టండి. మన మే నెల ఎండలో మాత్రం వద్దు, ప్లాస్టిక్ వంకరపోతుంది. సంక్రాంతి తర్వాతి ఎండ సరిపోతుంది. గంటకోసారి తిప్పి పూయకపోతే చారలు పడతాయి.

11. టీవీఎస్ గోల్డ్ కీబోర్డు కనిపిస్తే వదలకండి. టకటక శబ్దంతో డీటీపీ ఆపరేటర్లు ఏళ్లపాటు వాడిన మెకానికల్ కీబోర్డు అది. ఒక్కో మీటకూ విడి స్విచ్చు ఉంటుంది, పోయినదాన్ని ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. పని చేయని గోల్డ్ కీబోర్డు కూడా విడిభాగాల గని.

12. ర్యామ్, కార్డులు కొనేటప్పుడు గాడి చూసుకోండి. 486లకు 30 లేదా 72 పిన్నుల సిమ్, పెంటియం-2, 3లకు 168 పిన్నుల ఎస్‌డీర్యామ్. ఏజీపీ కార్డుల్లో 3.3 వోల్టులవి, 1.5 వోల్టులవి వేరు, గాళ్లూ వేరు. దూరనిదాన్ని నొక్కి దూర్చితే బోర్డు పోతుంది. హార్డ్‌డిస్క్ పోయిన పాత మెషీన్‌కు కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు, ఐడీఈ అడాప్టర్ మంచి బదులు. అయితే 486ల్లో చాలావాటి బయోస్ 504 ఎంబీకి మించి గుర్తించదు. పెద్ద కార్డు కొని బాధపడొద్దు.

13. విడిభాగాల వేట ఊళ్లోనే మొదలుపెట్టండి. ముందు మూతబడ్డ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ల యజమానులను అడగండి. వాళ్ల గోదాముల్లో ఒకే రకం మెషీన్లు పదేసి ఉంటాయి, రెండింటి భాగాలతో ఒకటి నిలబడుతుంది. తర్వాత పాత సామాను దుకాణం. సేటుతో మొహమాటం లేకుండా ఒప్పందం చేసుకోండి: కంప్యూటర్ వస్తే విప్పకుండా ఉంచితే కాటా ధర కంటే ఎక్కువ ఇస్తామని. బోర్డులను బంగారం కోసం విడగొట్టి పైకి పంపేస్తారు కాబట్టి ఆలస్యమైతే రేకు డబ్బానే మిగులుతుంది.

ఊళ్లో దొరకనివాటికి హైదరాబాద్ బస్సెక్కాలి. ఐసీలు, కెపాసిటర్లు, డయోడ్ల వంటివాటికి కోఠి గుజరాతీ గల్లీ. పాత కంప్యూటర్ కార్డులకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్, జేబీఎస్‌లో దిగితే దగ్గరే. అక్కడా లేకపోతే బెంగళూరు ఎస్‌పీ రోడ్, చెన్నై రిచీ స్ట్రీట్, ముంబై లామింగ్టన్ రోడ్. వెళ్లేముందు చిప్ మీది అక్షరాలు, అంకెలన్నీ ఫొటో తీసుకోండి. వెళ్లి "486లో నల్లగా ఉండే చిప్పు" అంటే ఎవరూ ఇవ్వరు. వీలైతే పాడైన భాగాన్నే వెంట తీసుకెళ్లండి. ఇంటికొచ్చాక ఆ నంబరు, దుకాణం, ధర ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇలాంటి నోట్‌బుక్కులు కోరుట్లవాళ్లు సిరిసిల్లవాళ్లకు చూపించుకుంటే సగం ప్రయాణాలు తప్పుతాయి.

14. ఈ పేర్లు కనిపిస్తే కాటా మీదికి ఎక్కనివ్వకండి. మొదటిది ఈసీఐఎల్. 1967లో హైదరాబాద్‌లో పుట్టిన ఈ సంస్థ టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసింది. మనవాళ్లు మన నేల మీద చేసిన తొలి కంప్యూటర్లలో అదొకటి. ఈసీఐఎల్ పేరున్న ఒక్క కార్డు దొరికినా దాచిపెట్టాల్సిందే. రెండోది బీబీసీ మైక్రో, లేదా దాని దేశీ రూపమైన ఎస్‌సీఎల్ యూనికార్న్. 1984లో మొదలైన క్లాస్ పథకంలో దేశంలోని ఎంపిక చేసిన బడులకు బీబీసీ మైక్రోలు పంపారు. పాత బడి స్టోర్‌రూముల వేలం జరిగితే వెళ్లి చూడండి. మూడోది సీ-డాక్ జిస్ట్ కార్డు, డాస్ రోజుల్లో తెర మీద తెలుగు చూపించింది అదే. నాలుగోది అరబిక్ అక్షరాల కీబోర్డుతో గల్ఫ్‌లో అమ్ముడైన సఖ్ర్ కంప్యూటర్. చూడటానికి కీబోర్డులాగే ఉంటుంది, కంప్యూటర్ మొత్తం అందులోనే ఉంటుంది. అరబిక్ చదవరాక పారేస్తారనే నా భయం.

15. బాగుచేశాక నెలకోసారి అరగంట నడపండి. ఫ్యాన్ గీపెడితే వెనక స్టిక్కర్ లేపి మిషన్ ఆయిల్ ఒక చుక్క వేయండి. ఇంటర్నెట్‌కు తగిలించకండి, విండోస్ 98, ఎక్స్‌పీలకు ఇప్పుడు రక్షణ లేదు. మళ్లీ అటకెక్కించాల్సి వస్తే బ్యాటరీ తీసి, కవర్‌లో సిలికా జెల్ పొట్లాలు వేసి కట్టండి.

16. భాగాలను ఆర్టీసీ కార్గోలో తెప్పించుకునేటప్పుడు ప్యాకింగ్ మీరే చెప్పి చేయించండి. బోర్డు, ర్యామ్ యాంటీస్టాటిక్ కవర్‌లోనే రావాలి, ఉత్త పాలిథిన్ కవర్ వద్దు. హార్డ్‌డిస్క్ చుట్టూ మందపాటి స్పాంజి ఉండాలి. పెట్టె మీద "పాత సామాను" అని రాయొద్దని దుకాణదారుకు చెప్పండి. "గాజు సామాను, జాగ్రత్త" అని రాయించండి.