ప్రసాదిస్థలమున అవధానము - వంటింటి పాఠము

షట్స్థలములలో మూడవది ప్రసాదిస్థలము. భక్తునకు శ్రద్ధ, మహేశునకు నిష్ఠ ఎట్లో, ప్రసాదికి అవధానము అట్లని వీరశైవ శాస్త్రము నిర్ణయించినది. అవధానమనగానే తెలుగువారికి అష్టావధానము స్ఫురించును. ఎనమండుగురు పృచ్ఛకుల నడుమ మనస్సును చెదరనీయని ఆ విద్య గొప్పదే. కాని ప్రసాదికి కావలసిన అవధానము సభలోనిది కాదు. తాను లింగమునకు అర్పించునది ఏది, ఎట్టిది, ఎంత అను ఎరుకయే అది. ఆ ఎరుకకు పరీక్ష జరుగుచోటు పూజాగృహము కంటె వంటిల్లే. పూజించువారొకరు, వండువారొకరు అయిన ఇండ్లలో ఆ పరీక్ష ఆలుమగల నడుమ వాదముగా మారుట తరచుగా కనబడును. అట్టి ఇల్లొకటి ఈ పాఠమునకు ఉదాహరణము.

ఆ ఇంట శ్రావణ సోమవారమున జంగమ దాసోహము పరిపాటి. ఇరువదిమంది వత్తురని యజమానుడు చెప్పగా, ఇల్లాలు ఉదయము 7 గంటలకే పెద్ద గుండిగలో అన్నము వండెను. పూజ ముగిసెను, అర్పణము జరిగెను. వచ్చినవారు ఎనమండుగురే. మిగిలిన అన్నము మూతతో గట్టుమీద పగలంతయు ఉండిపోయెను. రాత్రి 9 గంటలకు ఆమె దానిని ఎరువుగుంటలో పోయింపబోవగా భర్త అడ్డగించెను.

"ప్రసాదమును పారవేయుదువా? ఈ ఇంట అట్టి పని ఎన్నడును జరుగలేదు."

"పొద్దున వండినదండీ, పదునాలుగు గంటలైనది. చంటిపిల్లలున్న ఇల్లు. నా చేతులతో వడ్డింపలేను."

ఆయన వాసన చూచెను, ఒక ముద్ద నోట వేసికొనెను. పులుపు లేదు, జిగురు లేదు. ఆయన తల్లియు కుమారునే సమర్థించెను. పులుసు మరిగించి, అన్నమును బాగుగా వేడిచేయించి తల్లీకొడుకులు భుజించిరి. ఇల్లాలు పిల్లలకు జొన్నరొట్టె పెట్టి, తానును అదే తిని ఊరకుండెను. రాత్రి 12 గంటలకు మొదట తల్లికి, పిదప కుమారునకు వాంతులు మొదలయ్యెను. డెబ్బదియేండ్లు దాటిన ఆమె తెల్లవారునప్పటికి లేచి నిలువలేకపోయెను. ఆసుపత్రిలో సెలైను ఎక్కించిన పిమ్మట రెండవనాటికి తేరుకొనెను. దేహము తేరుకొన్నను ఇల్లు తేరుకొనలేదు. పొయ్యిమీది ప్రతి గిన్నెకును ఒక వాదము పుట్టసాగెను. ఆమె ఏది పారవేసినను ఆయనకు ఎత్తిపొడుపుగా తోచెను. ఆయన ఏది తిననన్నను ఆమెకు అపనమ్మకముగా తోచెను.

ఈ వాదమున ఇరువురి పక్షమునను బలము కలదు. అష్టావరణములలో ప్రసాదమొకటి, దానిని నిరసించుట వీరశైవునకు తగదు. భర్త పట్టుదల అట్టిది. దేహమే దేవాలయమని బసవేశ్వరుడు బోధించెను గదా, ఆ దేవాలయమున విషమును ప్రవేశపెట్టుట ఏ భక్తియని భార్య ప్రశ్న. వీరి చిక్కు సిద్ధాంతములో లేదు, వేళలో ఉన్నది. అన్నము అర్పితమగువరకు పదార్థము. అర్పితమైన పిమ్మట ప్రసాదము. పదార్థమును గూర్చి ఎంత విచారమైనను చేయవచ్చును. ఎంత వండవలెను, ఎప్పుడు వండవలెను, ఇది అర్పణయోగ్యమా కాదా యని ఎన్ని ప్రశ్నలైనను వేయవచ్చును. ఆ విచారమును విడిచి, గుండిగ మొత్తమును అర్పించి, రాత్రివేళ ప్రసాదగౌరవమును జ్ఞప్తికి తెచ్చుకొనుట అవధానము కాదు.

కల్యాణ శరణులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులను ఇక్కడ స్మరింపవలెను. ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యము. అమరేశ్వరము నుండి కల్యాణమునకు వచ్చిన ఈ దంపతులు 12వ శతాబ్దిలో బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి దాసోహము సలిపిరి. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు కొలత కంటె అధికముగా తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు, ఆ యధికమును తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను. ఈ కథను అపరిగ్రహమునకు ఉదాహరణముగా ప్రవచనములలో చెప్పుదురు. అది సత్యమే. వంటింటి దృష్టితో చూచువారికి మరియొక విశేషము కనబడును. లక్కమ్మ మాటాడినది పొయ్యి వెలిగించుటకు ముందు. గింజలు గింజలుగా ఉన్నప్పుడే అధికమును గుర్తించెను గనుక అవి తిరిగి పోగలిగినవి. ఉడికిన పిమ్మట పోవుటకు వాటికి చోటు లేదు. భార్య కొలత చెప్పుటయు, భర్త దానిని అవమానముగా ఎంచక బియ్యము మూటతో మరల నడుచుటయు ఆ దంపతుల దాసోహములో భాగములే.

అన్నమున ఏమి జరిగెనో తెలిసికొనుటయు అవధానమే. బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి మట్టిలో, దుమ్ములో, ధాన్యములో సహజముగానే ఉండును. దాని సిద్ధబీజములు ఉడుకునీటికిని చావవు. అన్నము వేడి తగ్గి గోరువెచ్చగా నిలిచినప్పుడు అవి మొలకెత్తి, వృద్ధిపొంది, విషమును పుట్టించును. ఆ విషమునకు వాసన లేదు, రుచి లేదు. మరల ఎంత మరిగించినను అది నశింపదు. తిన్న ఒకటి మొదలు ఆరు గంటలలో వాంతులు కలుగును. కనుక ముక్కుతో పరీక్షించిన భర్తయు, వేడిచేసిన దోషము పోవునని తలచిన తల్లియు మోసపోయిరి. సాధారణముగా ఒక దినములో తగ్గిపోవు బాధయే యైనను, వృద్ధులకు, పసివారికి నీరు కోల్పోవుట ప్రమాదకరము. ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలుపుటకు తగిన ఓ.ఆర్.ఎస్. పొట్లములు రెండైనను ప్రతి ఇంటను ఉండవలెను.

వండిన పదార్థమును గదివేడిలో రెండు గంటలకు మించి ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. ఉంచవలసినచో 60 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడిలోనైన ఉండవలెను, 5 డిగ్రీలకు లోబడిన చల్లదనములోనైన ఉండవలెను. పెద్ద గుండిగ ఇందుకు శత్రువు. పైపొర చల్లారినను నడుమనున్న అన్నము గంటలకొలది వెచ్చగానే ఉండును. మఠములలో పంక్తులు మధ్యాహ్నము దాటి సాగునప్పుడు ఈ సంగతిని మరింతగా గమనింపవలెను. ఒకేసారి వండుట కంటె రెండు మూడు వాయిలుగా వండుట మేలు. మిగిలినదానిని వెడల్పైన పళ్ళెములలో పలుచగా పరచిన త్వరగా చల్లారును. పిమ్మట దానిని ఫ్రిజ్జులో ఉంచవలెను. మనది శాకాహారము గనుక మనకీ భయము లేదను మాట పలు ఇండ్లలో వినబడును. అన్నము శాకాహారమే గదా!

ఇంతమాత్రమున చద్దన్నమును నిందింప బనిలేదు. అన్నము చల్లారగానే నీరో మజ్జిగయో పోసి పులియనిచ్చినచో, అందు పెరుగు లాక్టిక్ ఆమ్లము ఇతర సూక్ష్మజీవులను చాలవరకు అణచును. అంబలికిని అదే రక్ష. మాదార చెన్నయ్య ఇంట శివుడు అంబలిని ఆరగించెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చదివినవారెల్లరకు తెలియును. పగలంతయు మూతక్రింద వెచ్చగా మ్రగ్గిన ఉత్త అన్నమును చద్ది యనుట చద్దికే అపచారము.

ఆ ఇంటి రెండవ వాదము గరిటెది. భర్త పప్పును గరిటెతో నోట పోసికొని రుచి చూచి, ఆ గరిటెనే గిన్నెలో ముంచును. భార్య వలదనును. "మనకు ఉచ్ఛిష్ట సూతకము లేదు, నీవు ఎవరి ఆచారము పాటించుచున్నావు?" అని ఆయన ఆక్షేపించును. కన్నప్ప కథను కూడ అడ్డుపెట్టును.

ఈ యాక్షేపణకు సమాధానము జాగ్రత్తగా చెప్పవలసియున్నది. జనన, మరణ, రజస్, ఉచ్ఛిష్ట, జాతి సూతకములను ఐదింటిని వీరశైవము త్రోసిపుచ్చినది. మనుష్యుని జన్మచేతనో, స్త్రీని దేహధర్మముచేతనో మైలయని దూరముంచుటను శరణులు అంగీకరింపలేదు. నెలసరి వచ్చిన కోడలిని వంటింటి గడప దాటనీయని లింగాయతుల ఇండ్లు నేటికిని ఉన్నవనిన, అవి ఇరుగుపొరుగుల నుండి తెచ్చుకొన్న ఆచారమును పట్టుకొని స్వధర్మమును విడిచినవనియే చెప్పవలెను. చేతులు కడిగికొన్న ఆమె వంటకును, కడిగికొనని పురుషుని వంటకును గల తారతమ్యము స్పష్టమే. సూతకమనునది మనుష్యునిపై మోపిన నింద. సబ్బు, నీరు, శుభ్రమైన గుడ్డ ఎవరిపైనను మోపిన నింద కాదు. అంతరంగశుద్ధి, బహిరంగశుద్ధి యను రెండు మాటలును బసవేశ్వరుని వచనములలో ఉన్నవి. మైలను నిరాకరించినవారు మురికిని ఆదరించిరని ఎక్కడను లేదు.

కన్నప్ప ఎంగిలిలో శివుడు చూచినది ప్రేమ. ఆ ప్రేమ పేరిట పదుగురు తినవలసిన పప్పుగిన్నెలో ఎంగిలి గరిటె ముంచుట సరికాదు. జలుబు, విరేచనములు కలిగించు సూక్ష్మజీవులకు ఆ గరిటె బాటయగును. లాలాజలము పిండిపదార్థమును కరగించును. ఎంగిలి గరిటె పడిన అంబలి పలుచనగుట అందువలననే. అరచేతిలో ఒక చుక్క వేసికొని రుచిచూచు పద్ధతి మన పెద్దమ్మలకు, నాయనమ్మలకు ఏ శాస్త్రమును చదువకయే తెలిసియుండెను.

ఇంతవరకు భార్య పక్షమే సరియైనట్లు తోచును. మూడవ వాదములో అట్లు కాదు. రొట్టెలోనికి వేరుసెనగ పొడి ఆ ఇంట నిత్యముండవలెను. వానకాలమున డబ్బాలో చెమ్మ చేరి కొన్ని గింజలు రంగు మారి, ముడుతలు పడి, పచ్చని బూజు పట్టినవి. భర్త డబ్బా మొత్తము పారవేయుమనెను. మూడు కిలోల గింజలను పారవేయుటకు ఆమెకు మనసొప్పలేదు. బూజు తుడిచి, మాడనిచ్చినట్లు వేయించి పొడికొట్టెను. నిప్పు తాకిన పిమ్మట దోషమేమని ఆమె వాదము. అన్నము విషయమున అత్తగారు చెప్పిన మాటయే ఇది!

ఆస్పెర్జిల్లస్ జాతి బూజు విడుచు అఫ్లటాక్సిన్ అను విషము వేయించుటవలన పూర్తిగా పోదు. అది కాలేయమును చెరచును. దీర్ఘకాలము తిన్నవారికి కాలేయమున కాన్సరు కలిగింపగలదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాల పల్లెలలో బూజుపట్టిన మొక్కజొన్నలు తిని వందమందికి పైగా మరణించిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఆ వ్యాధిని పరిశోధించి అఫ్లటాక్సినును గుర్తించిరి. ఆ మృతులలో పెక్కురు పేదలు, ఇంటనున్న గింజను పారవేయలేనివారు. పొదుపు మంచిదే. కాని బూజుగింజ పొదుపులోనికి రాదు. గింజలను బాగుగా ఎండబెట్టి, చెమ్మ చేరని డబ్బాలో కొద్దికొద్దిగా నిలువచేసికొనుట లక్కమ్మ కొలతకు దగ్గర.

ఆ పొడి సంగతిలో తన తప్పు తెలిసిన పిమ్మటనే ఇల్లాలి స్వరము మారెను. అంతవరకు ప్రతి వాదములోను శ్రావణ సోమవారపు రాత్రిని ఆమె ఎత్తుచుండెను. పొడిని తానే తీసికొనిపోయి గోతిలో పూడ్చి వచ్చి, "నేనును అత్తయ్యగారివలెనే తలచితినండీ" అని మాత్రము అనెను. భర్తయు ఆ రాత్రిని గూర్చి మొదటిసారి మాటాడెను. అతిథులు రాలేదని తెలిసిన మధ్యాహ్నమే ఆమె తనకు చెప్పవలసినదని ఆయనకు లోపల ఒక కోపముండెను. చెప్పవచ్చితినని, జంగమయ్యల యెదుట తాను నోరువిప్పుట ఆయనకు గిట్టదని వెనుదిరిగితినని ఆమె చెప్పెను. అది ఆయనకు తెలియని సంగతి. పెక్కు ఇండ్లలో చెడిన అన్నము కంటె ముందుగా చెడునది ఇట్టి మాటయే: వేళకు చెప్పవలసినవారు చెప్పలేరు, వేళ దాటిన పిమ్మట విన్నవారు ఒప్పుకొనలేరు.

వారిరువురును ఒక కట్టుబాటు చేసికొనిరి. అర్పణమునకు ముందు ఇరువురిలో ఎవరు ఏ పదార్థమును సందేహించినను అది అర్పింపబడదు. కారణము అడుగుట లేదు, వాదము లేదు. గుండిగనుండి నైవేద్యమునకు, తొలి పంక్తికి చాలినంత వేరు పాత్రలోనికి తీసి అర్పించుటయే గాని గుండిగ మొత్తమును అర్పించుట లేదు. ఎవరెదుటనైనను ఆమె వంటను గూర్చి చెప్పవచ్చును.

మరుసటి శ్రావణమున ఇరువదిమందికి పిలుపు వెళ్ళెను. ఆమె పదిమందికి చాలినంత బియ్యమే ఎసట పోసి, తక్కినది కొలిచి ప్రక్కన ఉంచెను. చిన్న గుండిగను చూచి అత్తగారు, "జంగమయ్యలకు తక్కువైన పరువేమగును?" అని అడిగిరి. "ఇరువది నిమిషములలో రెండవ వాయి దిగునమ్మా" అని కుమారుడు బదులు చెప్పెను. ఆనాడు పదునాలుగుగురు వచ్చిరి. రెండవ వాయికి పొయ్యి వెలిగించినది ఆయనయే. పంక్తి లేచిన పిమ్మట రెండు పిడికెళ్ళ అన్నము మిగిలెను. ఆమె దానిని చల్లార్చి, మజ్జిగ పోసి, ఫ్రిజ్జులో ఉంచునప్పటికి ఆయన పెరటిలో గుండిగ తోముచుండెను.